బరువురాయి పక్కన మొండి బోల్టు

రోజూ పొద్దున్న వరహాలరావు షెడ్డు తడిక పక్కకి జరిపి, స్పానర్లు గోనెపట్టా మీద పరిచి, టీకి నీళ్ళు పడేసేసరికి కొండదారి ఘాటీ మొదట్లో మంచు ఇంకా కదలదు. ఆ మంచులోంచే సంతకెళ్ళే ఆడవాళ్ళు వస్తారు. షెడ్డు పక్కనున్న బరువురాయి మీద ఎవరి ఒంటి బరువు వాళ్ళు దించి, గుర్తుకి ఒకరు పనసాకు, ఒకరు అడ్డాకు కప్పి, చింతపండు బుట్టలు నెత్తికెత్తుకుని తేలిగ్గా కొండెక్కేస్తారు. పైన సంతలో గాలి గట్టిగా వీస్తే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. సాయంత్రం దిగొచ్చి ఎవరిది వాళ్ళు ఎత్తుకుంటారు. ఒకరి బరువు ఇంకొకరు అడక్కుండా ముట్టుకోరు.

ఈ కథ చెబుతున్న నాకు సైకిలు చైను ఊడితే ఎక్కించుకోవడం రాదు. కాబట్టి ఇంజను విషయంలో ఒప్పులన్నీ వరహాలరావువి, తప్పులన్నీ నావి. బరువురాయి సంగతి మాత్రం కళ్ళారా చూశాను. నేనూ ఓసారి దించబోతే, రాయి పట్టదని ఆడవాళ్ళు నవ్వుతూ వెనక్కి పంపేశారు.

ఆ రోజు పదింటికి డ్రైవరు గాసి తన వ్యాన్ తోసుకుంటూ వచ్చాడు. లోపల కృపావతి ఒక్కతే ఉంది. ఘాటీ ఎక్కబోతుంటే ఇంజను చప్పున ఆగిపోయిందట. మూత విప్పి చూస్తే టైమింగ్ బెల్టుకి పళ్ళే లేవు.

“ముసలోడి నోరులాగుంది. కొత్త బెల్టు నా దగ్గరుందిలే. ఏటంత తొందర?” అన్నాడు వరహాలరావు.

“నాక్కాదు మేస్త్రీ, అప్పకి,” అన్నాడు గాసి, కృపావతిని చూపిస్తూ. “హాస్టల్లో వంటమనిషి ఉద్యోగం. పై ఆసుపత్రిలో డాట్రు సర్టిఫికెట్టియ్యాల. మూడింటి వరకే. ఇయ్యాల తప్పితే ఇంకోరికి ఇచ్చీస్తారు.”

కృపావతి ఇంతకుముందు ఒకసారి వెళ్ళింది. తూకం యంత్రమెక్కితే ముల్లు కదల్లేదు. బరువు లేనిదే మనిషున్నట్టు రాయడం కుదరదని, ఎదురుగా నిలబడ్డ ఆమెకి ‘గైర్హాజరు’ అని రాసి పంపేశారు. ఆమె ఒంటి బరువు మూడేళ్ళుగా రాయి మీదే ఉంది. పైన కప్పిన ఆకు ఎండి ఈనెలు మిగిలాయి. అప్పట్నుంచి నెత్తిన పనసకాయ ఉంటే తప్ప ఆమె పాదం నేలకి ఆనదు. ఇవాళ ముల్లు కదలాలని ఒడి నిండా ఏటి రాళ్ళు కట్టుకొచ్చింది.

“మోసం కాదు మేస్త్రీ. వంట బాగా సేత్తాను. రాళ్ళతో ఏటి పని పిల్లలకి?” అంది.

బెల్టు మార్చాలంటే ముందు ఇంజనుతో పాటు తిరిగే చక్రం, క్రాంకు పుల్లీ, ఊడాలి. పుల్లీ ఊడాలంటే దాని మధ్యనున్న బోల్టు తిరగాలి. ఇంజను తిరిగిపోకుండా గాసిని నాలుగో గేరులో పెట్టి బ్రేకు తొక్కి కూచోమని, వరహాలరావు బోల్టుకి సాకెట్టు తగిలించాడు. కిరోసిన్ పోశాడు. సుత్తితో బుజ్జగించాడు. హ్యాండిలుకి నీళ్ళ పైపు తొడిగితే అది వ్యాన్ పక్కకి బారెడు బయటికొచ్చింది. దాని కొసన నిలబడి గెంతాడు. పైపు ఊగింది గాని బోల్టు ఊగలేదు.

“ఎంతుంటావు మేస్త్రీ?” అంది కృపావతి.

“నలభై నాలుగు. తడిబట్టల్తో.”

“మీ ఆవిడ వండదా ఏటి?”

“వండుద్ది. అందుకే నలభై నాలుగు.”

పదకొండున్నర అయింది. వరహాలరావు కళ్ళు రాయి మీదికి పోయాయి. ఆకుల కింద ఇరవై మంది బరువులున్నాయి. కాని అడుగుదామంటే మనుషులందరూ సంతలో ఉన్నారు. కృపావతి ఆ చూపు పట్టేసింది.

“నాది తీసుకో. నేనిత్తన్నాను.”

“నీదా! నువ్వే ఎత్తుకుంటే అయిపోద్ది గదా. రాళ్ళెందుకు?”

“ఎత్తితే రాదు,” అంది, అటు తిరిగి.

వరహాలరావు ఎండిన ఆకు తీసి భుజానికెత్తుకోబోయాడు. మోకాళ్ళు మడత పడ్డాయి. ఆడమనిషి బరువు ఇంతుండదు. “ఏటమ్మా ఇందులో?”

“నా గుంట, నా కూతురు. ఆ ఏడు జొరాలు గదా. బేగి ఎక్కాలని ఇక్కడ నా బరువు దించీసి, గుంటనెత్తుకుని పరిగెత్తాను. సగం ఘాటీలో, నా చేతుల్లోనే...” ఆమె ఒడిలో రాళ్ళు సర్దుకుంది. “దిగొచ్చి ఎత్తబోతే ఇలాగైపోయింది.”

 వరహాలరావు రెండు చేతులా దాన్ని పొదివి పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్ళి పైపు కొస ఎక్కాడు. పైపు విల్లులా వంగింది. కొండల్లో ఎక్కడో చెట్టు విరిగినట్టు ఫెళ్ళున చప్పుడైంది. బోల్టు తిరిగింది. ఆ తిరుగుడుతో పాటే అతని భుజాల మీంచి ఆ భారం కొంత జారి, పైపు మీదుగా మట్టిలోకి ఇంకిపోయింది. కాసేపు నేల వెచ్చగా ఉంది.

వ్యాన్ లోంచి గాసి అరిచాడు. “మేస్త్రీ! బ్రేకు వదిలీమంటావా, ఇక్కడే ముసలోణ్ణైపోమంటావా?”

“వదిలీరా,” అన్నాడు వరహాలరావు, నేల మీద కూలబడి కళ్ళు తుడుచుకుంటూ. “కిరోసిన్ పడింది కంట్లో.”

ఎవరూ కాదనలేదు. అతను లేచి కృపావతి దగ్గరికొచ్చాడు. “మిగిలింది నీదే. నాకు వదులుగా ఉంది, జారిపోతంది. పట్టు.”

ఆమె ఒడి విప్పింది. రాళ్ళు జలజలా రాలాయి. భయంభయంగా చేతులు చాచి అందుకుంది, భుజాన వేసుకుంది, సర్దుకుంది. తడిమట్టిలో రెండు పాదాల గుర్తులు, అయిదేసి వేళ్ళతో, నెమ్మదిగా పడ్డాయి. వాటిని చూసుకుంటూ ఆమె కదలకుండా నిలబడింది.

వరహాలరావు పళ్ళచక్రాల మీది గుర్తులు కలిపి కొత్త బెల్టు వేసి, అన్నీ బిగించేసరికి ఒంటిగంటన్నర. వ్యాన్ ఒక్క తాళానికే అందుకుంది.

“అప్పా, ఘాటీ ఎక్కాల. బరువు దించీవా?” అన్నాడు గాసి అలవాటుగా.

“నేదు,” అంది కృపావతి. “ఉండనీ.”

ఇంజను ఆయాసపడుతూ ఎక్కింది. మూడింటికి పది నిమిషాలుందనగా డాక్టరు ఆమెని తూకం ఎక్కమన్నాడు. ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడి, పైకి లేచి, నలభై తొమ్మిది దగ్గర సన్నగా వణుకుతూ ఆగింది. డాక్టరు రాసుకుని కాగితం మీద ముద్ర కొట్టాడు.

“ఉద్యోగం వచ్చినట్టే. దిగమ్మా.”

కృపావతి దిగలేదు. ముల్లు కేసే చూస్తోంది.

“కొంచెం ఆగు బాబూ,” అంది. “గుంటా నేనూ, ఇద్దరం ఉన్నాం. ముల్లు కుదురుకోనీ.”