శంకుణ్ణి సినిమాలో కుండ

విలాసినికి దొరికిన మొగుడు పగవాళ్లకి కూడా దొరకకూడదు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో ఆ మొగుడు, బడిపంతులు గంగాధరన్ మాష్‌కి ఇప్పటికీ తెలియదు. డైరెక్టరు శంకుణ్ణి తీసిన ఏ సినిమాలో ఏ గూట్లో ఉప్పు పెట్టారో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కూతురి పుట్టినరోజు ఎప్పుడని అడిగితే క్యాలెండరు వైపు చూస్తాడు, శంకుణ్ణి పోయిన రోజు అడిగితే ఆకాశం వైపు చూస్తాడు.

ఏటా కర్కాటక మాసం వానల్లో ఆ రోజు వస్తుంది. కేరళలోని వడగర ఫిలిం సొసైటీలో బతికి మిగిలిన ముగ్గురూ మాష్ వసారాలో చేరతారు. దండ వేసిన శంకుణ్ణి ఫొటో కుర్చీలో కూర్చుంటుంది, మనుషులు బెంచీ మీద సర్దుకుంటారు. ఆయన సినిమాల్లో ఏది గొప్పదో ఆ రోజే తేల్చెయ్యాలని కొట్టుకుంటారు. ఏ ఏడూ తేలదు. తేలిపోతే మర్నాటి నుంచి ఏం చెయ్యాలో ముగ్గురికీ తెలియదు.

ఆ వసారాలోకి విలాసిని టీ గ్లాసులతో తప్ప అడుగు పెట్టదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి పెట్టింది. సొసైటీ వాళ్లు శంకుణ్ణి సినిమా 'రేవులో దీపం' అక్కడే వేసిన రోజది. అందులో జాలరి కుర్రాడి శవం ఒడ్డుకు వస్తుంది. తర్వాతి సీనులో వాడే ఇంటికొచ్చి, తల్లి పోసిన గంజి తాగి, ఆవిడ చేత తిట్లు తింటాడు. అందరూ నోళ్లు తెరిచారు. విలాసిని ఆ సినిమాను పెళ్లికి ముందే అక్కతో వెళ్లి హాల్లో చూసింది. "వరస తప్పింది కదా, గంజి తాగాకే వాడు పోతాడు," అంది.

"హాల్లో నిద్రపోయుంటావు," అన్నాడు మాష్, అందరి ముందూ.

అందరూ నవ్వారు. ఆ మాట వెనక్కి తీసుకుంటాడేమోనని ఆవిడ ఆ రోజంతా చూసింది, ఆ వారమంతా చూసింది. తర్వాత చూడటం మానేసి, టీలో పంచదార తగ్గించింది.

హాల్లో నాలుగు రోజులాడి, సొసైటీలో ఒక్కసారి వేశాక, ఆ సినిమా మళ్లీ ఎవరికీ దొరకలేదు. మిగిలింది మాష్ రాసిన వ్యాసమే. చచ్చినవాడు తిరిగి రావడమే శంకుణ్ణి మేధస్సని అందులో రాశాడు. చూడనివాళ్లు కూడా ఆ వ్యాసం చదివే ఆ సినిమాకు దండం పెట్టారు.

ఈ ఏడు ఎక్కడో గోదాములో ప్రింటు బయటపడిందని, శుభ్రం చేసి శంకుణ్ణి పోయిన రోజునే పొద్దుటాట వేస్తామని టౌన్‌హాల్ వాళ్లు పిలిచారు. విలాసిని కూడా వెళ్లి వెనక వరసలో కూర్చుంది. తెర మీద కుర్రాడు గంజి తాగాడు. తల్లి తిట్టింది, కోపంతో కుండను వాకిట్లోకి విసిరింది. వాడు సముద్రంలోకి వెళ్లాడు. శవాన్ని మోసుకొచ్చేసరికి వాకిట్లో ఆ పెంకులు అలాగే ఉన్నాయి.

మాష్ ఇంటికొస్తూనే ముగ్గురిలో ఒకడైన కుంజంబు గొడుగును వసారా గోడకేసి కొట్టాడు. బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి, కోపం మాత్రం రిటైరవలేదు.

"ద్రోహం! ఎవడో కత్తెర పట్టుకుని శంకుణ్ణి పొట్ట కోసేశాడు! చచ్చినోడు తిరిగి రాకపోతే అందులో ఇంకేముంది, గంజి తప్ప?"

"అందుకే మొదట్నుంచీ మొత్తుకుంటున్నా, 'ఉప్పుమూట' ముందు ఏదీ నిలవదని," అన్నాడు ఫొటో స్టూడియో వర్గీస్, చెవి మిషను సర్దుకుంటూ.

"నీకు నచ్చింది 'ఉప్పుమూట' కాదు, అందులో హీరోయిను. నువ్వు నోరు మూసుకో!" కుంజంబు కసిరాడు.

"రేపే పేపర్‌కి రాస్తా," అన్నాడు మాష్. "పెంకులైన కుండ మళ్లీ నిండుగా కనిపించడమంటే ఆత్మకి చావు లేదని! ఆ వెధవలకి ఇంత చిన్న విషయం తెలీదే!"

విలాసిని అరటిపండు బజ్జీల పళ్లేన్ని బల్ల మీద పెట్టిన చప్పుడుకి ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

"పగిలిన కుండ అతుక్కోదు మాష్. నా వంటింట్లో ఇంతవరకూ ఒక్కటీ అతుక్కోలేదు."

"విలాసినీ, ఇది వంటింటి సంగతి కాదు."

"కాదా? కన్నకొడుకుతో ఆఖరి మాట తిట్టయింది ఆ తల్లికి. బతికినన్నాళ్లూ దాన్ని మొయ్యాలి. శంకుణ్ణి తీసింది ఆ బరువండీ! మీరేమో వాణ్ణి లేపి తీసుకొచ్చి, గంజి పోయించి, ఆవిడకి ఏ బాధా లేకుండా చేసేశారు. మా అక్క హాల్లోంచి బయటికొచ్చి మెట్ల మీద కూలబడి ఏడ్చింది. నిద్రపోయిన వాళ్లు అలా ఏడవరు!"

ఎవరూ బజ్జీ ముట్టుకోలేదు.

"సరే, చెప్పండి. సొసైటీలో వేసినప్పుడు రైల్వే స్టేషన్ నుంచి రీళ్ల పెట్టెలు తెచ్చిందెవరు?"

"మాషే," అన్నాడు కుంజంబు. "జడివానలో నెత్తిన మోసుకొచ్చాడు. ఏటా చెబుతాడుగా."

"పెట్టెల మీద నంబరు కాగితాలు ఉన్నాయా?"

మాష్ శంకుణ్ణి ఫొటో వైపు చూశాడు. అక్కణ్ణుంచి సాయం రాలేదు.

"తడిసి ఊడిపోయాయి," అన్నాడు మెల్లగా.

"మరి వరస?"

"నేనే... ఊహించి పెట్టాను."

"ఊహించి పెట్టావా!" కుంజంబు బెంచీ మీంచి లేచిపోయాడు. "నీ వ్యాసం పట్టుకుని నేను కోళిక్కోడ్‌లో సొంత బావమరిదితో మాటలు మానేశాను! వాడు చచ్చేదాకా మాట్లాడలేదు దుర్మార్గుడా!"

"ఏమంటున్నాడు?" అన్నాడు వర్గీస్.

విలాసిని కదల్లేదు. "నేను నిద్రపోయానన్నారు. అందరి ముందూ. నవ్వారు కూడా. ఆ నవ్వుకి మీ ముగ్గురికీ ఇన్నేళ్లూ టీ పోశాను."

మాష్ కళ్లజోడు తీశాడు. తుడవలేదు. చేతిలోనే ఉంచుకున్నాడు.

"నువ్వు నిద్రపోలేదు," అన్నాడు గొణుగుతూ.

"వర్గీస్ అన్నయ్య‌కి వినబడలేదు. ఆ రోజు ఆయన కూడా నవ్వారు."

మాష్ లేచి నిలబడ్డాడు. వానను మించి అరిచాడు.

"విలాసిని చెప్పిందే నిజం! వరస తప్పింది నా వల్లే. ఆమె నిద్రపోయిందన్నది అబద్ధం. తప్పు నాది!"