బస్సులో బాత్రూమ్ ఉంది

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. సుధీంద్ర ఆ ఒక్క సామెత మీదే బతికేవాడు. నారాయణగూడలో మిఠాయి దుకాణం పైఅంతస్తులో అతనికి ఎనిమిది కంప్యూటర్ల ఆఫీసుండేది. పొద్దున అశోక్ నగర్‌లో గ్రూప్-టూ కోచింగుకు పోయే కుర్రాళ్ళు మధ్యాహ్నం అక్కడికొచ్చి, జన్మలో చూడని ఊళ్ళ గురించి చూసొచ్చినట్టే ఇంగ్లీషులో రాసేవారు. ఆ రాతలు ఎవరి వెబ్‌సైట్లలోనో, ఎవరి పేర్లతోనో వచ్చేవి.

వాళ్ళలో భానుప్రకాశ్ ఒకడు. సిద్దిపేట దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు. విమానాన్ని మెడ ఎత్తి చూడడమే తప్ప ఎక్కింది లేదు. అయినా కౌలాలంపూర్ నుంచి సింగపూర్‌కు బస్సు మేలా, రైలు మేలా, విమానం మేలా అని ఆరువందల మాటలు రాసిపారేశాడు. చివర్లో ఓ ముప్పై మాటలు తక్కువొచ్చాయి. బస్సులో వెనకవైపు శుభ్రమైన బాత్రూమ్ ఉంటుందనీ, పెద్దవాళ్ళకు ఏ ఇబ్బందీ ఉండదనీ చేర్చి లెక్క సరిచేశాడు. ఆ తర్వాత సమోసా తినడానికి కిందికి దిగాడు. ఇది 2012 వేసవి నాటి సంగతి.

మూడు నెలలు గడిచాక ఒక ఆదివారం రాజ్యలక్ష్మి మేడ మీదికి వచ్చింది. చిక్కడపల్లిలో అతను కిరాయికుంటున్న గది వాళ్ళ ఇంటి మీదే. ఆమె భర్త వీరరాఘవరావు తెనాలి మనిషి. ఇక్కడే ఉద్యోగం చేసి, ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాడు. సింగపూర్‌లో ఉన్న ఆమె చెల్లెలు సుబ్బలక్ష్మి కూతురికి పెళ్ళి కుదిరింది. కౌలాలంపూర్ దాకా విమానం టికెట్లు తీసేశాడాయన. అక్కడి నుంచి ఎలా వెళ్ళాలన్నదాని మీద నెలరోజులుగా ఇంట్లో మహాభారతం జరుగుతోంది.

రాజ్యలక్ష్మి కొంగులోంచి మడత పెట్టిన కాగితం తీసింది. "బాబూ, ఇందులో బస్సులో బాత్రూమ్ ఉందని రాశారట. మీ సార్ నెట్‌లోంచి ప్రింటు తీయించి చదివి చెప్పారు. నువ్వు కూడా ఒకసారి చూసి చెప్పవూ?"

మొదటి లైను చూడగానే భానుప్రకాశ్ గుర్తుపట్టాడు. ఆ కాగితం తన రాతే.

"ఉన్నట్టే రాసిన్రు ఆంటీ," అన్నాడు.

రాసిన్రట! ఎవరో పరాయివాడు రాసినట్టు. ఆ మాట తన నోటినుంచి వచ్చినందుకు అతనికే రోత పుట్టింది.

ఆమె గుమ్మం దగ్గరి స్టూలు మీద కూర్చుంది. గొంతు తగ్గించింది. "కొడుకు లాంటివాడివి, నీ దగ్గర దాపరికమేముంది. గర్భసంచి ఆపరేషనయ్యాక అరగంట కూడా ఆపుకోలేను నాయనా. నాలుగేళ్ళ కిందట ఒక్కదాన్నే తెనాలి వెళ్తున్నాను. సూర్యాపేట దాటాక ఆపమంటే డ్రైవరు ఆపలేదు. చీర తడిసిపోయింది. పక్కసీటావిడ లేచి వేరేచోట కూర్చుంది. ఆ తర్వాత మళ్ళీ బస్సెక్కలేదు."

"సార్‌కు చెప్పలేదా?"

"ఆయనకు చెబితే మైకులో చెప్పినట్టే. పెళ్ళికి రాననడానికి బీపీ అన్నాను, మోకాళ్ళన్నాను. ఈ కాగితం చదివి వినిపించాకే సరేనన్నాను."

ఆమె తేలికపడ్డ మనసుతో మెట్లు దిగింది. అతనికి మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు.

మర్నాడు ఆఫీసుకు పోగానే నిజమేమిటో వెతకబోయాడు. బాత్రూమ్ ఉందని నాలుగు వెబ్‌సైట్లు చెప్పాయి. ప్రాణం లేచొచ్చింది. తీరా చదివితే నాలుగింటిలోనూ ఉన్నది తన వాక్యమే, ఒకళ్ళ నుంచి ఒకళ్ళు ఎత్తిరాసుకున్నారు. నాలుగోదాన్నయితే సుధీంద్ర చెబితే మాటలు అటూ ఇటూ మార్చి తనే మళ్ళీ రాశాడు. బస్సు కంపెనీల పేజీల్లో సీట్ల ఫొటోలున్నాయి గానీ దాని ఊసే లేదు. తన అబద్ధానికి తన అబద్ధాలే సాక్షులు.

"అన్నా, ఆ బాత్రూమ్ లైను తీసేద్దాం. ఒకామె దాన్ని నమ్మి పోతున్నది," అన్నాడు సుధీంద్రతో.

సుధీంద్ర కంప్యూటర్ నుంచి కళ్ళు తిప్పలేదు. "మన రాతలు చూసి బస్సెక్కేవాళ్ళుంటే అది వాళ్ళ కర్మ. వెబ్‌సైట్లవాళ్ళకు మాటలు కావాలి, మనం మాటలిచ్చాం. అంత బాధగా ఉంటే విమానమే మేలని ఇంకోటి రాయి. ఆరువందలకు తగ్గకూడదు."

సుధీంద్రను తిట్టడానికి భానుప్రకాశ్‌కు నోరు రాలేదు. ఏడాదిగా తనూ ఆ ఎంగిలి కంచంలోనే తింటున్నాడు.

సాయంత్రం నేరుగా వీరరాఘవరావు దగ్గరికి పోయాడు. ఆయన ముందుగదిలో ఆ కాగితాన్నే ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రైలయితే సింగపూర్ పొలిమేరల్లోనే దింపేస్తుందట, విమానంలోంచి మబ్బులు తప్ప ఏమీ కనపడవట, బస్సయితే కిటికీలోంచి రెండు దేశాలు చూస్తూ పోవచ్చట. అన్నీ భానుప్రకాశ్ రాసిన ముక్కలే.

"సార్, బస్సొద్దు. విమానంలోనే పోన్రి. అండ్ల రాసింది నమ్మకున్రి."

"ఏం, ఎందుకని?"

"అది నేనే రాసిన సార్."

వీరరాఘవరావు కళ్ళజోడు తీసి అతన్ని ఎగాదిగా చూసి నవ్వాడు. "నువ్వా? ఇదెవరో ఆ బస్సులో పదిసార్లు తిరిగినాయన రాసిందయ్యా. ఆ భాష చూడు, ఆ వివరం చూడు. నీ అద్దె కాగితంలో స్పెల్లింగులు నేనే కదూ దిద్దింది?"

భానుప్రకాశ్ ఆ వ్యాసం రెండో పేరా అప్పజెప్పాడు. ఆయన వేలుపెట్టి కాగితంలో సరిచూసుకున్నాడు. "ఒక్క మాట పొల్లుపోలేదు. బాగానే కంఠతా పట్టావు. ఈ పట్టుదలేదో పరీక్షల మీద పెట్టు, మీవాళ్ళు సంతోషిస్తారు. బస్సు టికెట్లు రేపే తీస్తున్నాను."

అసలు కారణం చెబుదామని అతను నోరు తెరిచాడు. వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడ్డ రాజ్యలక్ష్మి వద్దన్నట్టు తల ఆడించింది. అతను నోరు మూసుకుని బయటికి వచ్చేశాడు.

ఆమె మెట్ల దాకా వెనకే వచ్చింది. "అయితే లేదన్నమాట."

"ఉందో లేదో నాకు తెల్వదు ఆంటీ. ఊరికెనే రాసిన. సార్‌కు మీరే చెప్పున్రి."

తిడుతుందని చూశాడు. ఆమె తిట్టలేదు.

"మా చెల్లెలికి వస్తానని మాటిచ్చేశాను నాయనా. ఆ రోజు పొద్దున్నించీ మంచినీళ్ళు ముట్టుకోనులే. ఇప్పట్నించే కాస్త కాస్త మానుకుంటే అప్పటికి అలవాటైపోతుంది," అంది. చేతిలోని గ్లాసు అతనికిచ్చింది. "ఈ కాఫీ నువ్వు తాగెయ్యి."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. వేడి కాఫీ చేతిలో పట్టుకుని భానుప్రకాశ్ మెట్ల మీదే నిలబడిపోయాడు.