వెనక సీటు

రిటైరై పదకొండు రోజులైనా నాగూర్ పొద్దున్నే లేచి ఖాకీ చొక్కా తొడుక్కునేవాడు. డ్యూటీ లేదని గుర్తొచ్చి మళ్ళీ విప్పేవాడు. ముప్ఫై ఒక్కేళ్ళు ఏలూరు–గణపవరం బస్సు తోలిన మనిషి, యాభై మందికి తక్కువ ఎక్కించుకుని ఎరగడు. ఇప్పుడాయనకి పుట్టిన కోరికేమిటయ్యా అంటే, ఇద్దరు కూర్చుంటే చాలనిపించే కారు. అదీ మామూలుది కాదు. రెండే తలుపులుండి, నేలకి కరుచుకుపోయినట్టుండే స్పోర్ట్స్ కారు!

"మీకేమన్నా పిచ్చా అండీ? ఈ మోకాళ్ళతో అందులో కూలబడితే మళ్ళీ లేస్తానా?" అంది ఖదీజా, తివాచీ మగ్గం ముందు నుంచి కదలకుండా.

"పెళ్ళయిన దగ్గర్నుంచి నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారన్నా తోలానా? కొల్లేరు తీసుకెళ్తాను. పక్షుల్ని చూద్దువుగాని."

ఆ మాటకి ఖదీజా చేతిలో ఊలుదారం కాస్త ఆగింది. మురిపెం మాత్రం బయటికి కనపడనివ్వలేదు, గట్టి మనిషి.

వట్లూరు రోడ్డులో ప్రసాదరావుకి పాత కార్ల షెడ్డుంది. అక్కడ అలాంటివి రెండున్నాయి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఒకే ఏడాదివి, ఇంజన్ బలమూ ఇంచుమించు ఒకటే, ధరలోనూ పెద్ద తేడా లేదు. నాగూర్ నాలుగు రోజులు వరసగా వెళ్ళాడు. కిందకి దూరి చూశాడు, బానెట్ ఎత్తి చెవి పెట్టి విన్నాడు, చెప్పులు విడిచి క్లచ్ తొక్కి చూశాడు. ఆయనెప్పుడూ వట్టి కాళ్ళతోనే తోలతాడు. ఎడమకాలి చిటికెన వేలు పక్క వేలి మీదికెక్కి కూర్చుంటుంది, ఏ బూటూ పట్టదు. వాళ్ళ వంశంలో తరానికొకరికి అలాంటి వేలు వస్తుంది.

ఎర్రదాని పికప్ ఆయనకి తెగ నచ్చింది. నీలందానికి ముందు సీట్ల వెనక ఇరుకుగా ఇంకో బుల్లి సీటుంది.

"ఇందులో ఎవరు పడతారండీ? కోడిపెట్టా?" అన్నాడు నాగూర్.

"చిన్నపిల్లలకండీ" అనేసి ప్రసాదరావు నాలిక్కరుచుకున్నాడు.

ఎందుకంటే ఆ సంగతి నాగూర్ వాళ్ళుండే తంగెళ్ళమూడిలో తెలియనివాళ్ళు లేరు. ఆయన ఒక్కగానొక్క కూతురు గుల్నాజ్ ఎనిమిదేళ్ళ కిందట ఇంట్లో చెప్పకుండా శ్యామ్ సుందర్ అనే టీచర్ని రిజిస్టర్ పెళ్ళి చేసుకుని తాడేపల్లిగూడెం వెళ్ళిపోయింది. వాళ్ళకి దీవెన అని ఓ పాప. తాత ఇంతవరకూ మొహం చూడలేదు. ఇంట్లో ఆ పేర్లెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

ప్రసాదరావు గబగబా మాట మార్చాడు. "ఎందుకండీ ఈ తంటా? ఖదీజమ్మ గారి తివాచీ ముక్కలు తెచ్చి వేసి చూడండి."

ఖదీజా నేసిన తివాచీ ఎక్కడైనా ఓ పూట పరిస్తే, ముందుముందు అక్కడ మోపబోయే పాదాల గుర్తులు దాని మీద పడతాయి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళూ, కొత్తగా కొట్టు పెట్టేవాళ్ళూ అడిగి పట్టుకెళ్ళి, పని అయ్యాక దులిపి ఇచ్చేస్తుంటారు.

మర్నాడు పొద్దున రెండు కార్లలోనూ ముందు నుంచి వెనకదాకా తివాచీ పరిచారు. సాయంత్రం నమాజయ్యాక తీసి చూస్తే ఎర్రదాంట్లో ఒక జత పెద్ద పాదాలు, పక్కన ఒక జత ఆడమనిషివి. నీలందాంట్లోనూ అంతే.

"రెండూ ఒకటే! ఇంకేం, ఎర్రదాని తాళం ఇలా ఇవ్వండి" అన్నాడు నాగూర్ హుషారుగా.

"తిరగేయండి" అంది ఖదీజా, షెడ్డులో కుర్చీలోంచి. "ఇన్నేళ్ళు మగ్గం పక్కన కాపురం చేసి, కొనేవాళ్ళలాగా పైపైన చూసి మురిసిపోతారేమిటండీ? నేసేవాళ్ళం వెనక్కి తిప్పి ముళ్ళు చూస్తాం."

ఎర్రదాని ముక్క తిరగేశాడు. అవే రెండు జతలు. నీలందాని ముక్క తిరగేశాడు. వెనకంచు దగ్గర, ఆ బుల్లి సీటు ముందుండే చోట, ఇంకో రెండు పాదాలు. అరచేతిలో పట్టేంత ఉన్నాయి. ఎడమకాలి చిటికెన వేలు పక్క వేలి మీదికెక్కి ఉంది.

నాగూర్ అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. ఆ వేలిని బొటనవేలితో తడిమాడు. "ఎన్నేళ్ళే దానికి?"

"మొన్ననే ఆరు నిండాయి."

"నా వేలు వచ్చిందని కూడా నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. చెప్పనిచ్చింది ఎవరట! ఆ సంగతి ఆయనకే తట్టినట్టుంది, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ప్రసాదరావు చప్పుడు చేయకుండా నీలందాని తాళం తెచ్చి పక్కన పెట్టి వెళ్ళాడు.

తర్వాతి ఆదివారం పొద్దున నీలం కారు కొల్లేరు వైపు తిరగలేదు, హైవే ఎక్కింది. భీమడోలు దాటాక నాగూర్ కారు పక్కకి తీసి ఆపాడు. "వెనక్కి తిప్పేస్తానే. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"బస్సు ఎప్పుడన్నా సగం దారిలో తిప్పేశారా? పోనివ్వండి."

తాడేపల్లిగూడెంలో ఆ ఇంటి గుమ్మం ముందు నాగూర్ చెప్పులు విడిచి కాలెత్తి, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. గడప దగ్గర రంగు వెలిసిన పాత తివాచీ ముక్క, బోర్లా వేసి ఉంది. దాని మీద అప్పటికే తన పాదముంది, వంకర వేలుతో సహా.

గుల్నాజ్ తలుపు పట్టుకుని నిలబడింది. "ఇక్కడికొచ్చిన రోజు నుంచీ పరుస్తున్నాను నాన్నా. పొద్దున్నే లేచి చూడ్డం, మీ కాలు లేదని మళ్ళీ దులిపి వేయడం. ఇవాళ పడింది." చున్నీతో కళ్ళు తుడుచుకుంది. "రండి, అన్నం చల్లారిపోతోంది."

లోపల శ్యామ్ సుందర్ ఐదు కంచాలు పెట్టి వాటి పక్కనే బెరుగ్గా నిలబడ్డాడు. నాగూర్ వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

నాలుగు కంచాల దగ్గరే మనుషులు కూర్చున్నారు. దీవెన అప్పటికే వెళ్ళి నీలం కారు వెనక సీటెక్కింది, ఎంత పిలిచినా దిగనంది. నాగూర్ ఆ ఐదో కంచం పట్టుకుని, కంచం ముందు నుంచి లేచి బయటికి వెళ్ళాడు.