తొమ్మిదో ప్రశ్న

ఆ నోటీసులో అచ్చయిన అబద్ధం నా చేతిరాతే.

భృతి ఆఫీసు గోడకి దాన్ని అంటించినప్పుడు నేనక్కడే ఉన్నాను. మిల్లు మూతపడి పద్నాలుగు నెలలైంది. అప్పటినుంచీ సర్కారిచ్చే సగం జీతంతోనే మిల్లు వీధి బతుకుతోంది. ఇకమీదట అదీ లేదట. నూటికి తొంభై నాలుగు మంది పనిలో ఉన్నట్టు సర్వేలో తేలిందట! మగ్గాల మేస్త్రి ఆ కాగితం రెండుసార్లు చదివి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ వీధిలో సర్వే చేసింది నేనే. ప్రభుత్వం ఓ పరిశోధన సంస్థకి పని అప్పగిస్తే, సంస్థ నాలాంటి విద్యార్థుల్ని రోజుకూలికి పెట్టుకుంది. ఫారంలో తొమ్మిదో ప్రశ్న: "గత వారంలో ఒక్క గంటైనా పని చేశారా, పని లేకుండా ఉన్నారా?"

ఆ రోజు మేస్త్రి పక్కింటివాళ్ల కుర్చీకి ఊరికే వైరు అల్లిపెడుతున్నాడు. నా ప్రశ్న విని చివ్వున తలెత్తాడు.

"పనీపాటా లేనివాడిలా కనపడుతున్నానా నీ కంటికి? ముప్పై ఏళ్లు మగ్గాలు నడిపించినవాణ్ణి!"

"చేశారు" అన్నచోట టిక్కు పెట్టాను. వీధి వీధంతా అదే జవాబు. పనిలేనివాడంటే మనలో తిట్టు కదా, ఎవడు ఒప్పుకుంటాడు?

నోటీసు చూసిన మధ్యాహ్నమే సంస్థలో సర్వే నడిపించిన ప్రొఫెసరు గదికి పరిగెత్తాను.

"వాళ్లు అభిమానం కొద్దీ అలా చెప్పారు సార్. ఎవరికీ పని లేదు."

ఆయన టీలో బిస్కట్టు ముంచుకుంటూ నవ్వాడు. "అభిమానానికి ఫారంలో గడి లేదోయ్. ఇటు చూడు, ఊరి సగటు ఆదాయం పెరిగింది కూడా!"

కంప్యూటరు తెరమీద ఒక గీత పైపైకి పోతోంది. మిల్లు స్థలం అమ్ముకున్న యజమాని సొమ్మూ అందులోదే. అతని కడుపూ మేస్త్రి కడుపూ కలిపి కొలిస్తే ఇద్దరూ భోంచేసినట్టే మరి. ఆ గీతమీద, ఆ నవ్వుమీద, అన్నిటికన్నా నా కలంమీద అసహ్యం వేసింది. ఆ పని అక్కడే వదిలేసి వచ్చాను.

సాయంత్రం మిల్లు సైకిళ్ల షెడ్డులో అందరిముందూ నిజం చెప్పాను. ఎవరో నా కాలరు పట్టుకున్నారు.

"వదలండి వాణ్ణి!" మేస్త్రి భార్య లేచింది. వీధికంతటికీ పిన్ని. మిల్లులో ఇరవై ఏళ్లు నూలు చుట్టిన మనిషి. నా ఫారంలో మాత్రం గృహిణి. "వాడు రాశాడు సరే, చెప్పిందెవరు? పొయ్యిలో పిల్లి లేవడం లేదు గానీ మీ పరువుకేం తక్కువ లేదు!"

"నడివీధిలో నిలబడి పనిలేనివాళ్లమని అరవమంటావా?" అన్నాడో ముసలాయన.

"మిల్లుకి తాళం వేసినవాడికి లేని సిగ్గు మనకెందుకన్నా?"

మేస్త్రి తల వంచుకునే ఉన్నాడు.

మర్నాడు ఉదయం మంత్రి ఆ నివేదిక విడుదల చేస్తున్న హాలు ముందు నూట ఎనభై మందిమి నిలబడ్డాం. "మాకు పని లేదు!" మొదట గొణిగినట్టే అన్నాం. తర్వాత హాలు కిటికీలు మూసుకోవాల్సి వచ్చింది. మేస్త్రి మాత్రం నోరు మెదపలేదు. పోలీసులు మగవాళ్లని వ్యానెక్కించారు. ఆడవాళ్లు వెనకే నడిచొచ్చి స్టేషను గేటు పట్టుకుని నిలబడ్డారు.

ఆవరణలో బల్ల వేసుకుని రైటరు పుస్తకం తెరిచాడు. ముందు మేస్త్రి.

"పేరు చెప్పావు సరే. వృత్తి?"

మేస్త్రి తన చేతులకేసి చూసుకున్నాడు.

"పని లేదు."

"అలా రాయకూడదయ్యా. కూలీ అని రాస్తాలే."

"కూలి దొరికితే ఇక్కడికెందుకొస్తాను?" మేస్త్రి గొంతు ఆవరణంతా వినపడింది. "నాకు పని లేదు. రాయి!"

రైటరు విసుక్కుంటూ రాశాడు. ఆ తర్వాతివాడూ అదే చెప్పాడు. ఆ వెనకవాడూ. నా వంతొచ్చింది, నేనూ అదే చెప్పాను.

పిన్ని గేటు ఊచల్లోంచి నన్ను పిలిచింది.

"ఆ పుస్తకం మీద సర్కారు ముద్ర ఉంటుందా బాబూ?"

"ప్రతి పేజీకీ ఉంటుంది పిన్నీ."

"అయితే మమ్మల్నీ రాయమను." కానిస్టేబుల్‌ని పక్కకి నెట్టి ఆమె లోపలికొచ్చేసింది. వెనకే మిల్లు వీధి ఆడవాళ్లంతా. "గృహిణి అని రాశాడో, ఊరుకోను! పుస్తకం అయిపోతే ఇంకోటి తెప్పించమను."