నోటి తడి

హైకా నోటివెంట వచ్చింది తిట్టు కాదు, శాపం కాదు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె నాలెపో కొడుకుని చేతుల్లోకి తీసుకుని, "అబ్బ, ఎంత బొద్దుగా ఉన్నాడో! ఎంత ముద్దొస్తున్నాడో!" అంది. అంతే. రేకుల కింద కూర్చున్న ఆడవాళ్ళ మాటలు టక్కున ఆగిపోయాయి. నాలెపో నవ్వలేదు. పిల్లాణ్ణి లాక్కున్నట్టే తీసుకుని, వాడి మొహం మీద ఎర్ర దుప్పటి కప్పేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

"నేనేమన్నానండీ తప్పు?" అని హైకా ఇంటికొచ్చాక మొగుణ్ణి అడిగింది.

"ఏమీ అనలేదు. నీకన్నీ అనుమానాలే," అన్నాడు ఎలినామి.

అతను సువార్త బోధకుడు. కొండ వాలులో అరటి తోటల మధ్య పెరిగిన మనిషిని సంఘంవాళ్ళు ఆవులు మేపుకునే ఈ మాసాయిల మైదానంలోకి పంపారు. ఇక్కడ చూసినంత మేర ముళ్ళ చెట్లూ ఆవుల దుమ్మూ. వచ్చిన కొత్తలో మగవాళ్ళు కర్రల మీద ఆనుకుని నిలబడి, "ఏం బోధకుడా, నువ్వు పాడితే మబ్బులొస్తాయా? రాకపోతే మా ఎద్దు చేత పాడిస్తాం," అని నవ్వేవాళ్ళు. ఆడవాళ్ళు మాత్రం ఒకరి వెనక ఒకరు రావడం మొదలుపెట్టారు. ఆ కాస్త గుంపూ కూడడానికి ఎలినామికి రెండు వానాకాలాలు పట్టింది.

ఇప్పుడు ఆ గుంపు కాస్తా చెదిరిపోయింది. బుధవారం పాటలకి ఒక్కరూ రాలేదు. నీళ్ళ గుంట దగ్గర హైకాని చూడగానే తల్లులు పిల్లల మొహాలు కప్పేసుకున్నారు. తర్వాత తెలిసింది, నాలెపో కొడుకు సిమెల్‌కి ఒళ్ళు కాలిపోతోందని, పాలు తాగడం లేదని.

ఎలినామి మోటారు సైకిలు వేసుకుని వెళ్ళాడు. సంత ఊళ్ళో ఆసుపత్రి ఉంది, తీసుకెళ్తానన్నాడు. కాళ్ళావేళ్ళా పడ్డాడు. నాలెపో అత్తగారు, ఊరంతా కోకో అని పిలిచే ముసలమ్మ, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. బిడ్డని కంచె దాటించేది లేదంది.

"దిష్టట!" అని ఇంటికొచ్చి చిందులు తొక్కాడు ఎలినామి. "నీ కళ్ళు తగిలాయట. నువ్వొచ్చి బిడ్డ మీద ఉమ్మితే గానీ విడవదట. ఉమ్మి దీవెనట! ఇన్నాళ్ళూ నేను వాళ్ళకి చెప్పిందేంటి, వాళ్ళు విన్నదేంటి?"

"పోనీ ఉమ్మితే?"

"ఉమ్మితే నేను చెప్పిందంతా మట్టిలో కలిసినట్టే. బోధకుడి పెళ్ళామే ఉమ్మింది కదా అంటారు. ప్రార్థన చేద్దాం, దేవుడే వాళ్ళ మనసు మారుస్తాడు."

హైకా మోకరించింది గానీ ప్రార్థనలో మనసు నిలవలేదు. ఒళ్ళో తన కూతురు అనాసియా వెచ్చగా తగిలితే చాలు, జ్వరమేమోనని నుదురు ముట్టుకుని చూసుకుంటోంది. ఒకవేళ నిజంగానే తన కన్ను చెడ్డదా? మరి ఆ కంటితోనే కదా తన బిడ్డని పొద్దస్తమానం చూసుకునేది! ఏడో తరగతితో చదువు మానేసింది తను, తనకేం తెలుసు? చదువుకున్న మొగుడు కాదంటున్నాడు. ఇంతమంది పిల్లల్ని పెంచిన ముసలమ్మ అవునంటోంది. ఇద్దరి మొహాల్లోనూ అనుమానమన్నదే లేదు. ఉన్నదల్లా తనకే.

మర్నాడు పొద్దున్నే కోకో కంచె దగ్గరికొచ్చి కేకేసింది. "అనాసియా వాళ్ళమ్మా! బయటికి రా. నీ మొగుడు లేడుగా?"

"లేరు కోకో, పెట్రోలు కోసం వెళ్ళారు. బాబుకెలా ఉంది?"

"ఏడవడం కూడా మానేశాడు." ముసలమ్మ కంచె పట్టుకుని ముందుకు వంగింది. "నీ నోట్లోంచి వచ్చింది, నీ నోటితోనే తియ్యి. ఇంత ఉమ్మి అడిగితే ఏదో దోచుకుపోతున్నట్టు చేస్తావేమే?"

"నేను చెడ్డ మనసుతో అనలేదు కోకో. ఒట్టు."

"చెడ్డదానివని ఎవరన్నారు? తెలీనిదానివి. మీ కొండ మీద పిల్లల్ని పొగిడి ఊరికే వదిలేస్తారేమో. ఇక్కడ అట్లా కుదరదు. నీ కూతురు ఇక్కడే పుట్టిందిగా, మాలో ఒక్కత్తయినా బాగుందందా?"

హైకా తల అడ్డంగా ఊపింది. ఆ మాట ఆమెకి లోపల ముల్లే. బిడ్డ పుట్టిన నాటినుంచీ ఈ ఆడవాళ్ళు చూసి, మొహం చిట్లించి, "ఏం పిల్లోయ్, ఎండిన కప్పలా ఉంది" అని పోయేవాళ్ళు. ఎన్నిసార్లు తలుపేసుకుని ఏడ్చిందో!

"ఎందుకనలేదు? మీ ఆయన ఉమ్మనివ్వడు కదా! ఉమ్మకుండా పొగిడితే బిడ్డకి చేటని నాలుకలు కరుచుకుని తిరుగుతున్నాం. నీ పిల్లని మేం కాపాడుకొచ్చాం. మా వాణ్ణి నువ్వు?"

హైకా లోపలికెళ్ళింది. కూతుర్ని వీపుకి కట్టుకుని ముసలమ్మ వెంట నడిచింది.

నాలెపో గుడిసె చీకటిగా, పొగతో నిండి ఉంది. సిమెల్ తల్లి ఒళ్ళో వేలాడిపోతున్నాడు. ఆ బొద్దు బుగ్గలేవీ? బయట మోటారు సైకిలు చప్పుడైంది. ఎలినామి మళ్ళీ వచ్చినట్టున్నాడు, బతిమాలడానికి.

ఉమ్మితే తన కన్నే తగిలిందని ఒప్పుకున్నట్టా? ఉమ్మాక బిడ్డకేమైనా అయితే, అదీ తన మీదికే వస్తుందా? ఉమ్మకపోతే వీడు ఈ గుడిసెలోనే... దేవుడు చూస్తున్నాడా? చూస్తే ఏమనుకుంటాడు?

నోరు తడారిపోయింది. నాలిక అటూ ఇటూ తిప్పుకుంది. ఒంగి, ఆ చిన్న నుదుటి మీద "థూ" అంది. తడి పడలేదు. కోకో గసిరింది. "గాలి ఊదుతావేంటి, కుంపటా అది?" ఈసారి పడింది. కోకో పక్కకి జరిగి దారిచ్చింది.

నాలెపో లేచింది. అడిగే పనే లేకుండా పిల్లాణ్ణి చుట్టుకుని బయటికొచ్చి ఎలినామి వెనక బండెక్కింది. అతను తెల్లబోయి చూసి, "దేవా, స్తోత్రం," అని బండి తిప్పాడు.

పొద్దు వాలే వేళకి ఒక్కడే తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "మలేరియాట. సూదిమందు వేశారు. పాలు తాగాడు! ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. మాంచి మనసు మార్పు, హైకా! ఆ ముసలమ్మ తనంతట తనే పంపింది చూశావా? ఆదివారం ఇదే సాక్ష్యం చెప్తాను."

హైకా పొయ్యి మీద సంకటి కలుపుతోంది. తెడ్డు ఆపింది.

"తనంతట తను పంపలేదండీ. నేను ఉమ్మాను."

అతను ఆమె వైపు తిరిగాడు. "వాళ్ళు పంపకముందా, పంపాకా?"

"ముందే. లేకపోతే బండెక్కనిచ్చేవాళ్ళా?"

ఎలినామి పీట మీద కూలబడ్డాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననిపించింది. "మరి ఆదివారం నేనేం చెప్పాలి?" అన్నాడు, తననే అడుగుతున్నట్టు.

"నన్నడుగుతారేంటి? మీరు కదా బోధకులు."

కంచె దగ్గర సందడి వినిపించింది. కబురు అప్పుడే ఊరు చుట్టినట్టుంది. కోకో వచ్చింది, వెనకాల చంటిపిల్లలతో నలుగురు తల్లులు. "బోధకుడా, పక్కకి జరుగు. ఈ పిల్లలకీ ఆ నోటి దీవెన కావాలి. ఈ పని నీది కాదు, నీ పెళ్ళానిది," అంది ముసలమ్మ. మొదటి తల్లి తన బిడ్డని తెచ్చి హైకా చేతుల్లో పెట్టింది.

హైకా మొగుడి వైపు చూసింది. అతను పీట మీంచి లేచాడు. "ప్రార్థన చెయ్యి," అన్నాడు మెల్లగా.

"చేశాక?"

అతను తల వంచి కళ్ళు మూసుకున్నాడు. హైకా ప్రార్థన మొదలుపెట్టింది, ఆమెన్ అంది. అతను కళ్ళు తెరవలేదు. సరేననా, వద్దనా? ఎంత చూసినా ఆమెకి తెలియలేదు. తల్లి ఎదురు చూస్తోంది. బిడ్డ నుదురు పైకెత్తి ఉంది. హైకా నోట్లో తడి ఊరింది.