గీతల్లేని చుక్క

స్టోర్ కిటికీ పక్కన ఒక రేకు డబ్బా ఉండేది. ఒకప్పుడు అందులో బిస్కెట్లు ఉండేవి, ఇప్పుడు ఫోన్లు ఉంటాయి. లిఫ్టులు మరమ్మతు చేసే ఆ కంపెనీలో ఏ మెకానిక్ అయినా సామాను కోసం కిటికీ దగ్గరికొస్తే ముందు ఫోన్ డబ్బాలో వెయ్యాలి. తర్వాత ఊడదీసిన పాత ముక్కను కిటికీ చెక్క మీద పెట్టాలి. అప్పుడే నోరు విప్పాలి. స్టోర్ అక్క ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి, వేలితో తడిమి, లోపలికెళ్లి దానికి సరిజోడు తెచ్చేది. ఫోటో చూపిస్తే చూసేది కాదు, ఫోన్లో చెబితే వినేది కాదు. పద్నాలుగేళ్లుగా ఇదే పద్ధతి. యజమాని వచ్చినా ఇదే పద్ధతి.

పద్ధతి పెట్టింది పెద్దాయన. ఆయన కూడా ఒకప్పుడు మెకానిక్కే. అప్పటి స్టోర్ మనిషి ఫోన్లో ఒకటి విని ఇంకొకటి పంపాడు. అది బిగించిన లిఫ్టు ఆగాల్సిన చోట ఆగక ఆయన కాలి మీదికి దిగింది. ఆ రోజు నుంచీ ఆయన కుడి మోకాలు వంగదు. కంపెనీ ఆయన్ని తీసుకొచ్చి స్టోర్లో కూర్చోబెడితే, మొదటి రోజే డబ్బా పట్టుకొచ్చాడు. అక్కకు పని నేర్పింది ఆయనే. "కన్ను మోసం చేస్తుందమ్మాయ్. చెవి ఇంకా మోసం చేస్తుంది. వేలు మాత్రం అబద్ధమాడదు" అనేవాడు. ఊరికి అవతలి వైపు చిన్న బ్రాంచి తెరిచినప్పుడు ఇంకో డబ్బా చంకన పెట్టుకుని అక్కడికి వెళ్లిపోయాడు. రెండు స్టోర్ల మధ్యా పాతకాలపు గోడ ఫోన్ ఒకటుంది. అందులో "భోంచేశావా" అని అడగొచ్చు, సామాను పేరు మాత్రం ఎత్తకూడదు. అదీ ఆయన పెట్టిన రూలే.

ఇలా కడుపులో చల్ల కదలకుండా సాగిపోతున్న రోజుల్లో పైఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చింది. చేతిలో లాప్‌టాప్, మొహంలో చల్లని నవ్వు. అందరినీ హాల్లో కూర్చోబెట్టి గోడ మీద ఒక బొమ్మ వేసి చూపించింది. కంపెనీలో ఒక్కో మనిషీ ఒక్కో చుక్క. కంపెనీ యాప్‌లో ఎవరు ఎవరికి మెసేజ్ పెట్టినా, ఫోన్ చేసినా ఆ చుక్కల మధ్య ఒక గీత పడుతుంది. గీతలు పెరిగేకొద్దీ చుక్క లావెక్కుతుంది. మేనేజర్ల చుక్కలు బాగా బలిసి ఉన్నాయి. రిసెప్షన్ పిల్ల చుక్క వాళ్లకంటే బలిసింది. అంతా నవ్వారు, ఆ పిల్ల సిగ్గుపడింది.

"ఆ మూల ఉన్న రెండు చుక్కలూ ఎవరివండీ?" అని ఎవరో అడిగారు.

"ఒకటి ఈ స్టోర్‌ది, ఇంకోటి ఆ బ్రాంచి స్టోర్‌ది" అంది మేడమ్. వాటికి ఒక్క గీతా లేదు. "ఇలాంటి చుక్కల గురించి మూడు నెలల్లో నిర్ణయం తీసుకుంటాం. కంగారుపడకండి."

కంగారుపడకండి అని చెప్పాక కంగారుపడని మనిషి ఇంకా పుట్టలేదు. అక్క గుండెల్లో రాయి పడింది. మీటింగయ్యాక మేడమ్ వెనకే నడుస్తూ, "రోజుకి ముప్పై మంది నా కిటికీ దగ్గరికొస్తారు మేడమ్. పొద్దున్నించీ మాట్లాడుతూనే ఉంటాను" అంది.

"నేను నమ్ముతానక్కా. కానీ నోటితో మాట్లాడితే సిస్టమ్‌కి ఎలా తెలుస్తుంది?" అంది మేడమ్, నిజంగానే జాలిపడుతూ. ఆ జాలి చూశాక అక్కకు భయం రెట్టింపైంది.

ఇంట్లో అప్పటికే ఒకరు ఖాళీగా ఉన్నారు. అక్క భర్త ప్రెస్సులో కాగితం కోసే మిషన్ నడిపేవాడు. ఇరవై రెండేళ్లు నడిపాక, కొత్త మిషన్ తనంతట తనే కోసుకుంటుందని ఆయన్ని ఇంటికి పంపేశారు. ఇప్పుడు కూరగాయలు కోస్తున్నాడు. ముక్కలన్నీ కొలిచినట్టు ఒకే సైజులో ఉంటాయి. కూతురు కాలేజీ రెండో సంవత్సరం. ముగ్గురికీ ఉన్నది అక్క ఉద్యోగమే.

చుక్కల సంగతి విని ఆయన తేలిగ్గా తీసెయ్యబోయాడు. "నాకు చూడు, ఎన్ని కనెక్షన్లో. గ్యాస్ కనెక్షన్, కరెంట్ కనెక్షన్…" అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి ఆపేశాడు. కత్తిపీట పక్కకు జరిపి, "మా దగ్గరా ముందు ఏదో బొమ్మే చూపించారు" అన్నాడు. ఆమెకు ఆ పూట అన్నం గొంతు దిగలేదు.

మర్నాడు అక్క ఫోన్‌ని డబ్బాలో వెయ్యలేదు. కొంగు చాటున పెట్టుకుని, దొంగతనానికి వచ్చినదానిలా తన స్టోర్లోకి తనే నక్కి నక్కి వెళ్లింది. మెకానిక్కుల్లో అందరికంటే పొడుగువాణ్ని అందరూ నిచ్చెన అంటారు, వాడికి మొదటి మెసేజ్ పెట్టింది. "ఏం కావాలన్నా ఇందులో ఫోటో పెట్టు తమ్ముడూ, తీసి ఉంచుతాను."

"అక్కా, ఇది నువ్వేనా? ఫోన్ ఎవరైనా కొట్టేశారా?" అని జవాబొచ్చింది.

నాలుగు రోజుల్లో అందరికీ అలవాటైపోయింది. వాళ్లు ఫోటో పంపుతారు, ఆమె సామాను తీసి చీటీ అంటించి గుమ్మం పక్క అరలో పెడుతుంది, వాళ్లు పట్టుకుపోతారు. పాత ముక్కలు తీరిగ్గా ఎప్పుడో తెచ్చి బుట్టలో పడేస్తారు. కిటికీ దగ్గర క్యూ లేదు, కబుర్లు లేవు. మేడమ్ దగ్గర్నించి బొటనవేలి బొమ్మ వచ్చింది. మూలనున్న చుక్క కాస్త ఒళ్లు చేసిందని అక్కకు అర్థమైంది. ఆ రోజు భర్త వండిన కూర రెండోసారి వడ్డించుకుంది.

పెద్దాయనకి గోడ ఫోన్ చేసింది. "మీరు కూడా నాలుగు మెసేజులు పెట్టండి బాబాయ్. మీ చుక్క అలాగే ఉండిపోయింది."

"ఈ వయసులో నాకు గీతలెందుకమ్మాయ్? నుదుటి మీదున్నవి చాలు" అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు డబ్బా తీసేశావటగా" అన్నాడు.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

బుధవారం మధ్యాహ్నం మూడు దాటాక బుట్ట ఖాళీ చేస్తోంది. పాత ముక్కలు ఒక్కొక్కటే తీసి పెట్టెలో వేస్తుంటే ఒకదాని దగ్గర వేలు ఆగింది. బ్రేక్ లైనింగ్. లిఫ్టును పట్టి ఆపేది అదే. పాత మెషీన్లకి ఒక రకం, కొత్తవాటికి ఇంకో రకం. ఎదురుగా చూస్తే కవలపిల్లలే. తేడా అంతా వెనక వైపు. పాతదానికి గోరు మందాన ఒక మెట్టు ఉంటుంది, కొత్తదానికి ఉండదు. ఆమె వేలికి మెట్టు తగిలింది.

దానికి అంటించి ఉన్న చీటీ చూసింది. ట్యూషన్ బిల్డింగ్. ఎనిమిది అంతస్తులు, పై రెండింట్లో ట్యూషన్ సెంటర్లు. నిన్న నిచ్చెన ఫోటో పంపాడు, ముందు వైపు ఫోటో. ఆమె అది చూసి కొత్త రకం లైనింగ్ తీసి అరలో పెట్టింది. వాడది బిగించేసి ఉంటాడు. పొద్దున్నించీ ఆ లిఫ్టు తిరుగుతూనే ఉంటుంది. నాలుగింటికి పిల్లలొస్తారు.

గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది.

చెబితే తప్పు తనదని తేలుతుంది. తప్పు సామాను ఇచ్చిన స్టోర్ మనిషిని కంపెనీ ఒక్క పూట కూడా ఉంచదు. భర్త కళ్లముందు మెదిలాడు, కూతురు మెదిలింది. ఏమీ కాదేమోలే అని ఒక్క క్షణం అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నిచ్చెనకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. వాడు ఎక్కడో లిఫ్టు గోతిలో ఉండి ఉంటాడు, ఫోన్ సంచిలో ఉంటుంది. కంట్రోల్ రూమ్‌కి చేసి ఆ లిఫ్టు ఆపించమంది. "కంప్లయింట్ నంబర్ చెప్పండి మేడమ్" అన్నారు. నంబర్ లేదంది. నంబర్ లేకపోతే కుదరదన్నారు. యాప్‌లో ఉన్న ప్రతి పేరుకీ మెసేజ్ పెట్టుకుంటూ పోయింది. "ట్యూషన్ బిల్డింగ్ దగ్గర ఎవరున్నారు? అర్జెంట్." తొందరలో అక్షరాలు తప్పుతున్నాయి. ఎందుకో మాత్రం రాయలేదు, రాయడానికి ధైర్యం చాలలేదు. జవాబులు బిలబిలమంటూ వచ్చిపడ్డాయి. నేను కాదు. నేను సెలవు. ఏమైందక్కా? ఒకడు దండం బొమ్మ పెట్టాడు. ఒక మేనేజరు బొటనవేలు పెట్టాడు. నలభై ఒక్క మంది పలికారు, ఒక్కడూ అక్కడ లేడు. తను వెళ్దామంటే గంట ప్రయాణం.

అప్పుడు గోడ ఫోన్ గుర్తొచ్చింది. పెద్దాయన బ్రాంచి ఆ బిల్డింగుకి రెండు వీధుల అవతలే.

"భోంచేశావా?" అన్నాడాయన అలవాటుగా.

"బాబాయ్, బ్రేక్ లైనింగ్" అంది. ఆ ఫోన్లో సామాను పేరు ఎత్తడం అదే మొదలు. "ట్యూషన్ బిల్డింగ్‌లో పాత మెషీన్‌కి కొత్తది ఇచ్చాను. ఫోటో చూసి ఇచ్చాను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "ఫోన్ పెట్టెయ్" అన్నాడు.

ఆ తర్వాత ఇంకేం తెలీదు. ఆయన ఫోన్ డబ్బాలో ఉంటుంది, ఆయన రోడ్డు మీద ఉంటాడు. వంగని కాలితో రెండు వీధులు నడవడానికి ఎంతసేపు పడుతుందో ఆమె లెక్కేసుకుంది. లెక్క తేలలేదు. నాలుగైంది. నాలుగూ పదైంది. మెసేజులు వస్తూనే ఉన్నాయి. ప్రతి చప్పుడుకీ ఫోన్ తీసి చూస్తోంది, ప్రతిసారీ ఎవడో "ఏమైందక్కా" అని అడుగుతున్నాడు. గోడ ఫోన్ కింద నేల మీదే కూర్చుండిపోయింది.

నాలుగూ ఇరవైకి గోడ ఫోన్ మోగింది.

"వాచ్‌మన్ ఫోన్ నుంచి చేస్తున్నా. మెయిన్ స్విచ్ తీసేశాను" అన్నాడు పెద్దాయన, ఆయాసపడుతూ. "లిఫ్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నా. పిల్లలు మెట్లెక్కుతూ నన్ను తెగ తిట్టుకుంటున్నారు."

ఆమె ఏడ్చేసింది.

"ఏడవకు. నేనొచ్చేసరికి మూడో అంతస్తులో ఆగాల్సింది జానెడు కిందికి జారి ఆగింది. లోపల ఒక పిల్ల, ఒక తల్లి. చెయ్యిచ్చి పైకి లాగాం, ఏం కాలేదు. మామూలు చెకింగ్ అని చెప్పాను. సరైన ముక్క నా స్టోర్ నుంచి ఇస్తాను, నిచ్చెనని వచ్చి మార్చమను. ఎవరితోనూ అనకు. నీకు ఇల్లు గడవాలి."

ఆమె ఎవరితోనూ అనలేదు. ఆ పాత ముక్కా, దాని పక్కన పెట్టి చూడటానికి స్టోర్లోంచి తీసిన కొత్త రకం ముక్కా ఆమె చేతిసంచిలోనే ఉండిపోయాయి. పారెయ్యడానికి చెయ్యి రాలేదు.

శుక్రవారం మేడమ్ పిలిచింది. తెలిసిపోయిందనుకుంది అక్క. చేతిసంచి పట్టుకుని మెట్లెక్కింది. గదిలో మేడమ్ లేచి నిలబడి చెయ్యి కలిపింది.

"ఇటు చూడండక్కా" అని లాప్‌టాప్ తిప్పింది. మధ్యలో ఒక చుక్క గుమ్మడికాయంత ఉంది. "మీరే. బుధవారం ఒక్క గంటలో నలభై ఒక్క మందితో కనెక్ట్ అయ్యారు. ఈ కంపెనీలో ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు."

"అది… వేరే పని మీద మేడమ్."

"ఏ పనైతేనేం, ఇక్కడ కనపడేది గీతలే కదా. మీవల్లే మాకో విషయం తెలిసింది. కిటికీ లేకుండా, మనిషి ఎదురుగా లేకుండా స్టోర్ నడపొచ్చని మీరు చేసి చూపించారు. అందుకే అవతలి బ్రాంచి స్టోర్ ఈ నెలాఖరుకి మూసేస్తున్నాం. దాన్ని కూడా మీరే ఇక్కణ్నించి ఫోన్లో చూసుకుంటారు." మేడమ్ మూలనున్న చుక్కను వేలితో చూపించింది. "పాపం, పెద్దాయనకి ఒక్క గీత కూడా లేదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అక్క కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. నోరు మూసుకుని కిందికెళ్లిపోతే ఉద్యోగం నిలుస్తుంది, ఇల్లు నిలుస్తుంది. ఆ ఒక్క గీతా లేని ముసలాయన, బుధవారం ఎలా నడిచాడో అలాగే, తన డబ్బా చంకన పెట్టుకుని ఇంటికి నడుస్తాడు. వచ్చే నెల నుంచి రెండు స్టోర్ల సామానూ ఫోటోలు చూసి తనే ఇస్తుంది. ఈసారి జానెడుతో ఆగుతుందని ఏముంది?

సంచిలోంచి రెండు ముక్కలూ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవేంటక్కా?"

"రెండూ ఒకటేనా, వేరువేరా?"

మేడమ్ పరీక్షగా చూసింది. "ఒకటేగా."

"ఇప్పుడు కళ్లు మూసుకుని వెనక వైపు వేలు పెట్టి చూడండి."

మేడమ్ నవ్వుతూనే కళ్లు మూసుకుంది. ఒకదాని మీద వేలు జారింది. రెండోదాని మీద జారుతూ జారుతూ మెట్టు దగ్గర ఆగింది. నవ్వూ ఆగింది.

అక్క అంతా చెప్పింది. ఫోటో, ట్యూషన్ బిల్డింగ్, జానెడు, లోపలున్న పిల్ల. లిఫ్టు ఆపింది ఎవరో, ఎలా నడిచి వెళ్లి ఆపాడో కూడా చెప్పింది.

మేడమ్ లాప్‌టాప్ మూసింది. తలుపు మూసి ఉందో లేదో చూసుకుంది. "అక్కా, ఇది నేను విన్నట్టు రాస్తే రికార్డవుతుంది. రికార్డయితే మీ ఉద్యోగం నా చేతుల్లో ఉండదు" అంది మెల్లగా. "రాయమంటారా?"

అక్క బల్ల మీది పాత ముక్కను చేతిలోకి తీసుకుని మెట్టు మీద వేలు పెట్టింది. కింద ఎవరో మెకానిక్ మూసున్న కిటికీని తట్టి, "అక్కా" అని పిలుస్తున్నాడు.

"రాయండి" అంది.