బోడిగాడి జత

పగలంతా లాండ్రీలో ఊరందరి బట్టల వాసన వదలగొట్టే మనిషి, ఇంటికొస్తే ఒక్క గుడ్డముక్క ఉతకనివ్వదు. అదేమిటని అడిగితే, "వాటికి ఇల్లంటే గోడలు కాదు, వాసన. ఉతికితే ఇల్లు కూల్చినట్టే," అంటుంది.

వాటికి అంటే షుగర్ గ్లైడర్లకి. అరచేతిలో ఇమిడిపోయే బూడిదరంగు ప్రాణులవి. చూడటానికి ఉడతల్లా ఉంటాయి గానీ ఉడతలు కావు, కంగారూల్లా పిల్లల్ని పొట్టసంచిలో మోసే జాతి. ముందు కాలి నుంచి వెనక కాలి దాకా పక్కల వెంట పల్చటి చర్మం ఉంటుంది. దాన్ని చాపుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి గాల్లో తేలిపోతాయి. ముద్దొస్తున్నాయని జనం వాటిని కొనుక్కుంటారు. రాత్రుళ్ళు కుక్కపిల్లల్లా మొరుగుతున్నాయని విసుక్కుని, చెప్పుల డబ్బాలో పెట్టి తెచ్చి లాండ్రీ కౌంటరు మీద వదిలిపోతారు. ఆమె కాదనలేదు. మెడలో గుడ్డసంచి వేలాడదీసుకుని, అందులో వాటిని నిద్రపుచ్చుకుంటూ, బట్టలు మడతలు పెడుతూ ఉంటుంది. మనిషి ఒంటి వెచ్చదనానికీ వాసనకీ అలవాటు పడితే గానీ అవి నమ్మవు. అందుకే వీధిలో ఆమెని సంచులావిడ అంటారు.

బాగుపడిన వాటిని పెంచుకుంటామని ఎవరైనా వస్తే మాత్రం సంచులావిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇంట్లో పిల్లి ఉందా, ఫ్యానుకి జాలీ ఉందా, నీళ్ళ బకెట్ల మీద మూతలున్నాయా, వచ్చే ఏడాదికి కూడా ఈ ఇంట్లోనే ఉంటారా. పెళ్ళిచూపులకి కూడా ఇన్ని ప్రశ్నలు ఉండవు. అన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పినా చివర్లో ఒక మాట ఉండనే ఉంటుంది.

"జత లేకుండా ఇవ్వను. ఒంటరిగా ఉంటే దిగులుతో చచ్చిపోతాయి."

పొద్దున లేచి పండు ముక్కలు కోసి, ఉడికిన గుడ్డు చిదిమి, పైన కాల్షియం పొడి చల్లి బోనుల్లో పెట్టడం, తర్వాత టీ కాచి కిటికీలోంచి తమ్ముడికి ఒక గ్లాసు అందించడం, ఇదీ ఆమె దినచర్య. ఆ మధ్య తమ్ముడు సరిగ్గా ఆమె కిటికీ ఎదురుగానే ఉన్నాడు.

తమ్ముడు పెయింటరు. ఆమె ఉండే ఈ భవనానికే బయట రంగు వేస్తూ ఎనిమిదో అంతస్తు దగ్గర తాడు తెగి పడ్డాడు. ఇంకా నేలకి చేరలేదు. రోజుకి బెత్తెడు చొప్పున, బోర్లా, గోడకి చెయ్యి చాచినంత దూరంలో దిగుతున్నాడు. అతనికంటే ముందు జారిన నీలం రంగు డబ్బా అతని కింద నిలువెత్తు దూరంలో, అదే తీరున దిగుతోంది. పై అంతస్తుల వాళ్ళు వంతులేసుకుని భోజనం పెట్టారు, వానొస్తే గొడుగు అందించారు. ఏడో అంతస్తాయన వారానికోసారి గడ్డం గీసేవాడు. తమ కిటికీ దాటి కిందికి పోయినప్పుడు ఐదో అంతస్తు వాళ్ళు కొన్నాళ్ళు బెంగపెట్టుకున్నారు.

చెయ్యని ప్రయత్నం లేదు. చెయ్యి పట్టుకు లాగితే చెయ్యి ఇచ్చేవాడు గానీ మనిషి వచ్చేవాడు కాదు, లారీని లాగినట్టే ఉండేది. వల కడితే తాళ్ళు పటపటా తెగాయి. కిటికీ చట్రం పట్టుకోమంటే గట్టిగానే పట్టుకున్నాడు, చట్రమే నెమ్మదిగా వేళ్ళలోంచి పైకి జారిపోయింది. డాక్టరు వచ్చి నాడి చూసి, దాచకుండా చెప్పేశాడు.

"నెమ్మదిగా పడ్డా పడ్డట్టేనమ్మా. నేల తగిలినప్పుడు అన్ని అంతస్తులూ ఒక్కసారే ఒంటి మీదికొస్తాయి."

ఆ మాట విన్న రోజు సంచులావిడ ఏడవలేదు. లాండ్రీలో ఎవరివో మంచి చొక్కాలు రెండు మాడ్చేసింది.

బోడిగాడు వచ్చింది ఆ రోజుల్లోనే. మగ గ్లైడరు వయసుకొస్తే నడినెత్తిన వెంట్రుకలు ఊడి చిన్న మచ్చ పడుతుంది, తెలియనివాళ్ళు రోగమనుకుంటారు. వీడి మచ్చ మరీ పెద్దది కాబట్టి ఆ పేరు. జత చచ్చిపోయాక వీణ్ణి ఎవరో ఒంటరిగా ఉంచి, బిస్కెట్లు పెట్టి పెంచారు. ఎముకల్లో సత్తువ పోయింది, దిగులుకి తన తోక తనే కొరుక్కుంటున్నాడు. ఏ గ్లైడరు వచ్చినా సంచులావిడ చేసే మొదటి పని ఒకటుంది. వెనక పాదాల కింద అరచెయ్యి పెడుతుంది. కాళ్ళలో జీవముంటే బరువు మోపి చేతిని తంతుంది. బోడిగాడి పాదాలు తడిగుడ్డ పీలికల్లా వాలిపోయాయి.

పశువుల డాక్టరు చూసి, "కాల్షియం పట్టు. ఎక్కడానికీ దూకడానికీ ఏమీ లేని చోట ఉంచు. ఎప్పుడూ ఒక మనిషి ఒంటిని అంటి ఉండాలి," అన్నాడు.

మిగతా గ్లైడర్లు వీణ్ణి దగ్గరికి రానివ్వడం లేదు. లాండ్రీలో మెడలో వేసుకుంటే ఆ మిషన్ల చప్పుడుకి పాత మిక్సీ మొరాయించినట్టు గుర్రుమంటూ వణికిపోతున్నాడు. ఎక్కడానికి ఏమీ లేని చోటు, ఎటూ కదలని మనిషి ఎక్కడ దొరుకుతారు? ఆలోచిస్తూ ఆలోచిస్తూ కిటికీ వైపు చూసింది.

"ఒరేయ్, వీణ్ణి కొన్నాళ్ళు నీ మెడలో వేసుకుంటావా?"

"నా దగ్గరా? కింద పడిపోతే?"

"నీకంటే ముందైతే పడడులే."

అక్కాతమ్ముళ్ళిద్దరూ చాలా రోజుల తర్వాత నవ్వుకున్నారు. బోర్లా ఉన్న మనిషి మెడలో సంచి ఊయలలా వేలాడింది.

మొదట్లో బోడిగాడు అతని వేళ్ళు కొరికాడు. తర్వాత సంచిలోంచి చొక్కాలోకి, చొక్కాలోంచి చంకలోకి మకాం మార్చాడు. తమ్ముడు ఆమె కిటికీ దాటి కిందికి వెళ్ళాక, ఆమె బుట్టకి తాడు కట్టి ఇద్దరికీ తిండి దించేది. తమ్ముడు సిరంజితో మందు పట్టేవాడు, పొడి చల్లిన పండు ముక్కలు వేళ్ళతో తినిపించేవాడు, ఎప్పుడు పడితే అప్పుడు కబుర్లు చెప్పేవాడు. బోడిగాడు తోక కొరకడం మానేశాడు. ఒక సాయంత్రం తమ్ముడి భుజం మీంచి మొదటి అంతస్తు కిటికీ గ్రిల్ మీదికి తేలిపోయి, మళ్ళీ భుజం మీదికే వచ్చి వాలాడు.

"అక్కా, వీడు దూకడే. మనలాగే పడతాడు. పడుతూ పడుతూ మధ్యలో మనసు మార్చుకుంటాడు."

"చివర్లో చూశావా? ఆనే ముందు రొమ్ము పైకెత్తుతాడు. అప్పుడు నాలుగు కాళ్ళూ మెత్తగా ఆనుతాయి."

"చూశాను. నేనూ చేసి చూశాను."

"ఏమైంది?"

"రెక్కలు పీకాయి."

రంగు డబ్బా నేలకి గోరంత ఎత్తులో ఉందని వాచ్‌మన్ వచ్చి చెప్పింది ఒక సెలవురోజు మధ్యాహ్నం. అందరూ కిందికి దిగారు. డబ్బా ఆకు వాలినట్టు నేలని తాకింది. మరుక్షణం చెవులు గింగుర్లెత్తే చప్పుడు. చూస్తే డబ్బా లేదు, రేకు బిళ్ళ ఉంది. సిమెంటు నేల నెర్రెలిచ్చింది. నీలం రంగు రెండో అంతస్తు దాకా ఎగిరి, గోడలనీ మనుషులనీ ముంచేసింది. తమ్ముడు తన కళ్ళు తుడుచుకోకుండా, ముందు బోడిగాడి నెత్తి తుడిచాడు.

సంచులావిడ ఇంట్లోకొచ్చి బోనుల మధ్య చతికిలబడింది. అప్పుడుగానీ ఆమెకి తట్టలేదు. ఇన్నేళ్ళలో ఎవరినీ చెయ్యనివ్వని తప్పు తనే చేసింది. వచ్చే ఏడాదికి ఉంటారా అని ఊరందరినీ నిలదీసే మనిషి, ఇంకొన్ని బెత్తలే మిగిలిన వాడి గుండె మీద ఒక ప్రాణిని పడుకోబెట్టింది. ఇప్పుడు బోడిగాడికి ఇల్లంటే తమ్ముడి వాసన. తమ్ముడు పోతే వీడూ తోక కొరుక్కుని, ఆపైన కాళ్ళు కొరుక్కుని పోతాడు. తమ్ముణ్ణి తను ఆపలేదు. వీణ్ణయినా ఆపాలి.

కిందికి వెళ్ళి నిలబడితే తమ్ముడి ముఖం ఆమె ముఖానికి ఎదురుగా ఉంది. ఎలా చెప్పాలా అని ఆమె నీళ్ళు నములుతుంటే అతనే అన్నాడు.

"వీడికి ఇల్లు చూడక్కా."

"చూశానురా. ఎదురింటి గడియారాలాయన వాళ్ళు. వాళ్ళ ఆడ గ్లైడరుకి జత పోయింది."

"మంచివాళ్ళే. వరండాకి గ్రిల్ కూడా ఉంది."

కొత్త గ్లైడరుని ఒక గుంపులో కలపాలంటే ముందు వాసనలు మార్చాలి. గడియారాలాయన ఇంట్లో ఆడది పడుకునే గుడ్డ తెచ్చి సంచులావిడ తమ్ముడి మెడకి చుట్టింది. తమ్ముడు తన చొక్కా విప్పి ఇచ్చాడు.

"ఉతకకు," అన్నాడు.

"నాకు చెప్తున్నావా?"

బోడిగాణ్ణి తీయడమే కష్టమైంది. ఒక కాలు ఊడదీస్తే ఇంకో కాలితో పట్టుకున్నాడు. అది తీస్తే పళ్ళతో పట్టుకున్నాడు. అంతసేపూ తమ్ముడు నేలలోని నెర్రెల వైపే చూస్తున్నాడు. వాడి గోళ్ళకి అతని రొమ్ము మీది వెంట్రుకలు కొన్ని వచ్చేశాయి.

చొక్కాని వరండా గ్రిల్‌కి లోపలి వైపు కట్టారు. ఆడది బోడిగాణ్ణి వాసన చూసి, నెత్తి నాకి, తనతో కలుపుకుంది. బోడిగాడు మాత్రం తిండి ముట్టడం లేదు. సాయంత్రమయ్యేసరికి చొక్కా మీదికెక్కి, వీధివైపు తిరిగి, ఆగి ఆగి మొరుగుతున్నాడు.

"వీడు ఎవరినో పిలుస్తున్నాడమ్మా," అంది గడియారాలాయన భార్య.

"తెలుసండీ."

"నిన్నటి నుంచి తోక కూడా కొరుక్కుంటున్నాడు."

సంచులావిడకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. మళ్ళీ తెచ్చి తమ్ముడికిస్తే ఎన్నాళ్ళకని? లాండ్రీ అయిపోగానే వచ్చి తమ్ముడి ముందు కూర్చునేది. మొదట కుర్చీలో, తర్వాత పీట మీద, తర్వాత నేల మీద. చివరికి అతని ముఖం చూడాలంటే సిమెంటు మీద చెంప ఆనించి పడుకోవాల్సి వచ్చింది.

"వినబడుతోందక్కా," అన్నాడు తమ్ముడు. వీధి అవతల బోడిగాడు మొరుగుతున్నాడు.

"ఊఁ."

"తింటున్నాడా?"

"తింటున్నాడు," అని అబద్ధమాడింది.

"భయమేస్తోందే," అన్నాడు తమ్ముడు.

"నాకూ వేస్తోందిరా."

"రేపు నువ్వు ఇక్కడ ఉండకు. డబ్బా చూశావు కదా. నీమీద పడతాను."

ఉంటానంది. వద్దన్నాడు. అక్క మాట తమ్ముడు కాదన్నది చాలా తక్కువ, అది ఇప్పుడా కాదనడం అని ఆమెకి కోపమొచ్చింది. ఆ కోపం పట్టుకునే లేచి ఇంట్లోకి వెళ్ళింది. లేకపోతే లేవగలిగేది కాదు.

మర్నాడు లాండ్రీ తెరిచి మిషన్లన్నిట్లో బట్టలు లేకుండానే నీళ్ళు పోసి తిప్పింది. ఆ చప్పుడు వినబడకుండా ఉండాలని. మధ్యాహ్నం పోయింది. వీధి దీపాలు వెలిగాయి. మిషన్లు ఖాళీగా గిరగిరా తిరుగుతూనే ఉన్నాయి, ఆమె వాటి ముందు చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. ఫోను మోగింది. తీయకూడదనుకుని తీసింది.

"అమ్మా, జత లేకుండా ఇవ్వనన్నావు కదా." గడియారాలాయన భార్య.

"అవునండీ."

"మా ఆడదే వాడికి జతనుకున్నాం. ఇంకో జత కూడా ఉందని ముందే చెప్పాలి కదమ్మా. మీ తమ్ముడు మా గ్రిల్ పట్టుకుని ఉన్నాడు."

మాట సరిగ్గా వినబడాలని సంచులావిడ ఒక్కో మిషనూ ఆపుకుంటూ వచ్చింది.

"బయటి వైపునే. ఇందాక వీధి దాటుకుంటూ వచ్చాడు, నేలకి బెత్తెడెత్తులో. ఎవరో స్కూటరాయన పాపం ఆపి దారిచ్చాడు. గేటు తీస్తే గ్రిల్‌తో పాటు ఊగుతాడేమోనని మేం తీయలేదు. ఏం పెట్టమంటావ్?"

నోరు అలవాటుగా తన పని తను చేసుకుపోయింది. "ఊడదీయకండి. ఫ్యాను ఆపెయ్యండి. నేనొస్తున్నా."

దారిలో భవనం ముందు ఒక్క క్షణం ఆగింది. వాచ్‌మన్ తమ్ముడి కోసం సుద్దతో గీసిన చదరం అలాగే ఉంది. అందులో కొత్త నెర్రె ఒక్కటీ లేదు.

తమ్ముడు గ్రిల్ మీద నిటారుగా ఉన్నాడు. కాళ్ళూ చేతులూ నాలుగూ ఇనుప చువ్వల్లో ఇరికించి, రొమ్ము పైకెత్తి, చెంప ఆనించి ఉన్నాడు. లోపలి నుంచి బోడిగాడు అతని వేలు కావలించుకుని, గోళ్ళ సందుల్లో మిగిలిన నీలం రంగు నాకుతున్నాడు. పక్కన ఆడది కూర్చుని చూస్తోంది.

"వాడు పిలిచాడక్కా," అన్నాడు తమ్ముడు. "ఎటు వినబడిందో అటు పడ్డాను."

"చివర్లో రొమ్మెత్తావా?"

"ఎత్తాను." తర్వాత చాలా చిన్నగొంతుతో, "చేతులు పట్టు తప్పుతున్నాయి. దిగనా?" అన్నాడు.

అతని పాదానికీ నేలకీ మధ్య జానెడు ఖాళీ. ఆ జానెడులో ఏముందో ఎవరికీ తెలియదు. గడియారాలాయన భార్య గోడకి నక్కింది. సంచులావిడ మోకాళ్ళ మీద కూర్చుని, అరచెయ్యి వెల్లకిలా తిప్పి, తమ్ముడి పాదం కింద నేల మీద పెట్టింది.

"చెయ్యి తియ్యక్కా. డబ్బా గుర్తులేదా?"

"ఏది వచ్చినా ముందు చేతి మీదే పెట్టిస్తాను. నీకో రూలు, వాటికో రూలు లేదు. పెట్టు."

ముందు వేళ్ళు ఆనాయి. తర్వాత మడమ ఆనింది. ఆమె కళ్ళు మూసుకుని అంతస్తుల కోసం ఎదురుచూసింది. ఏదీ రాలేదు. పాదం చల్లగా, గరుగ్గా ఉంది. నెలల తరబడి నడవని మనిషి కాలు ఎంత బరువుంటుందో అంతే బరువుంది, వణుకుతోంది.

ఆ తర్వాత అది చిన్నగా ఆమె చేతిని తన్నింది.